కోరుట్లలో సముద్రం

నా భార్య దినాల్లో నా తమ్ముడు నాకు కోడికూర వండిపెట్టాడు. ఇది జరిగింది. దీనికి రెండో వైపు లేదు.

అప్పుడు ఇద్దరం దుబాయిలో, సోనాపూర్ కూలీల క్యాంపులో ఒకే గదిలో ఉండేవాళ్ళం. అమృత చనిపోయిందని ఊరి నుంచి ఫోన్ వాడికి వచ్చింది. నేను కంపెనీ విడిచి చాటుగా పని చేసుకుంటున్నవాణ్ణి. పాస్‌పోర్టు నా చేతిలో లేదు. చెబితే ఎయిర్‌పోర్టుకు పరిగెత్తి జైల్లో పడతానని వాడు అనుకున్నాడట. దినాలు ముగిసేదాకా చెప్పలేదు. బాగు చేయిస్తానని నా ఫోన్ తీసుకుని దాచాడు. ఊళ్ళో ఆమె పేరున పిట్టకు ముద్ద పెట్టిన రోజు శుక్రవారం, మాకు సెలవు. వాడు నల్లటి ఎండు నిమ్మకాయలు చిదిమి వేసి కోడికూర వండాడు. తను ముట్టలేదు. కడుపు బాగాలేదన్నాడు. నేను రెండోసారి వేయించుకుని తిన్నాను. "గడ్డం పెంచుతున్నవేందిరా, సాములల్ల కలుస్తున్నవా?" అని ఎగతాళి కూడా చేశాను.

తలకొరివి నా బిడ్డ అఖిల పెట్టింది.

ఆ తరువాత వాడి చేతి నుంచి గ్లాసుడు నీళ్ళు కూడా తీసుకోలేదు. చాటుగా ఉన్నవాళ్ళను జైలు లేకుండా పంపే ఆమ్నెస్టీ వచ్చినప్పుడు నేను ఇంటికి వచ్చేశాను. వాడు మూడేళ్ళ తరువాత పని పోయి వచ్చాడు. ఇప్పుడు చెప్పేది వాడు వచ్చిన ఎండాకాలం సంగతి.

కథలాపూర్ దగ్గర మా ఊళ్ళో ఇల్లు ఒకటే. ఒకే వాకిలి, చెరొక గది. వాడి పేరు రాజేందర్, వాడి భార్య భాగ్య. వంట ఆమె చేస్తుంది, నేను తింటాను. అమృత నోట్లో చివరి చుక్క నీళ్ళు పోసింది భాగ్యే. అందుకే ఆమె ఏదైనా అడిగితే కాదనలేను. ఆ ఎండాకాలం ఆమె ఒకటి అడిగింది.

"బావా, కోరుట్ల బట్టల దుకాణంల కావలి ఉండాల్నట. ఊకె కూసునే పని. నీ మోకాళ్ళతోని తాళ్ళు ఎక్కి కల్లు గీసెటట్టు లేదాయె."

"వాడు పని చేసే కాడనే గద?"

"జీతం ఇచ్చెటిది రాజలింగం సేటు. నువ్వు ఆయనకు జవాబు చెప్తవు. ఈయనకు కాదు."

రాజలింగం ఒకప్పుడు వీసాలు అమ్మేవాడు. తరువాత చీరలు అమ్మాడు. జగిత్యాలలో ఒక దుకాణం ఉంది, కోరుట్లలో మూడంతస్తులది కొత్తగా కడుతున్నాడు. దుబాయి మాల్‌లో చూసినట్టు, దుకాణం నడిమధ్య అద్దాల తొట్టిలో సముద్రం పెట్టాలని ఆయన కోరిక. మా తమ్ముడు దుబాయిలో చివరి ఏళ్ళు అరబ్బుల ఇళ్ళలో అలాంటి తొట్లే కడిగాడు. ఇద్దరికీ కుదిరింది.

నేను పనిలో చేరిన రోజు తొట్టి నింపుతున్నారు. ఎడ్లబండి అంత పొడవు, నా ఛాతీ అంత ఎత్తు. ఫిల్టరు చేసిన మంచినీళ్ళు పోసి, అందులో బస్తాల కొద్దీ ఉప్పు కలుపుతున్నాడు మా తమ్ముడు. ఊడ్చే మొగిలవ్వ చీపురు పట్టుకుని నిలబడి చూస్తోంది.

"ధర్మపురికాడ గోదారి ఉట్టిగనే పారుతున్నది. వీళ్ళేమో పైసలు పెట్టి తియ్యటి నీళ్ళను ఉప్పగ జేసుకుంటున్నరు. ఏం కాలమొచ్చెరా నాయినా."

రాజలింగం నవ్వాడు. నవ్వుతూనే మా తమ్ముడితో అన్నాడు.

"రాజేందరూ, తెప్పిస్తున్న పగడాలను మిరుగం కార్తె వచ్చి వానలు పడేదాక బతికియ్యి. గీ ఎండలకు ఆగినయంటే ఇగ ఎప్పుడన్న ఆగుతయి. అప్పుడు జగిత్యాల దుకాణంల గూడ పెట్టిస్త, నువ్వు నెల జీతం మీద నా తాననే ఉండు. సచ్చినయా, నీ విసా నీకున్నది."

మళ్ళీ దుబాయికి కొత్త వీసా నిజంగానే వచ్చి ఉంది. వాడి సంచీ కూడా ఇంట్లో సగం సర్ది ఉంది. భాగ్య ఆ సంచీని రోజూ మంచం కిందికి తోస్తుంది. ఆమెకు వాడు ఉండాలి. నాకు వాడు పోవాలి. పగడాలు చస్తే వాడు పోతాడు. నాకు అర్థమైంది అంతే.

పగడాలు, వాటితో పాటు రెండు చిన్న చేపలు, హైదరాబాద్ నుంచి కారులో వచ్చాయి. నీళ్ళు నింపి గాలి పట్టి మూతి కట్టిన కవర్లలో ఉన్నాయి. పగడం అంటే ఉంగరంలో పెట్టుకునే ఎర్ర రాయి అని నాకు తెలుసు. ఇవి రాళ్ళు కావు. తోలు ముద్దలు, ముడుచుకున్న పేలికలు. వాడు వాటిని తీసి తొట్టిలోని బండల మీద నిలబెట్టాడు. తడిగుడ్డలు పడేసినట్టు పడి ఉన్నాయి. రాజలింగం ముఖం చిన్నబోయింది.

"గివేనా?"

"ఆగు సేటు," అన్నాడు వాడు. మోటార్లు పెట్టాడు.

తొట్టికి ఆ మూలన ఒకటి, ఈ మూలన ఒకటి. మొదట ఒకటి తిరిగింది. నీళ్ళు లేచి అటు పోయాయి. అది తగ్గుతుండగా రెండోది అందుకుంది. నీళ్ళు మళ్ళి ఇటు వచ్చాయి. పేలికలు ఊగాయి. చాలాసేపు ఏమీ కాలేదు. రాజలింగం టీ తాగడానికి వెళ్ళాడు. నేను స్టూలు మీద కూర్చున్నాను.

అప్పుడు విచ్చుకున్నాయి.

తోలు ముద్ద ఉబ్బి గొడుగులా లేచింది. దాని పైన సన్నటి వేళ్ళు వేలకొద్దీ బయటికి వచ్చాయి. ఒక్కొక్క వేలి కొనన నువ్వుపువ్వంత పువ్వు. పక్క బండ మీద ముడుచుకున్న గుడ్డ గుడ్డ కాదు, అన్నీ చేతులు. పసిపిల్లల చేతుల్లా చిన్నవి. పిడికిలి మూస్తున్నాయి, తెరుస్తున్నాయి. ఎవరూ నేర్పకుండా, ఒకదానికొకటి పొంతన లేకుండా, మూస్తున్నాయి, తెరుస్తున్నాయి.

నేను లేచి నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో తెలియదు.

పదేళ్ళు సముద్రం ఒడ్డున ఉన్నాను. దాని ఒడ్డున అంతస్తు మీద అంతస్తు కట్టాను. ఒంటి మీది ఉప్పును దాని గాలిలోనే ఆరబెట్టుకున్నాను. దాని లోపల ఏముందో కోరుట్లలో చూశాను.

నేను మాగాణి మనిషిని. తాళ్ళెక్కే కులమే అయినా మాకు కొంచెం పొలం ఉండేది. నారు పోసిన మడిలో నీళ్ళు పారితే విత్తనం కొట్టుకుపోతుంది. నీళ్ళను కదలకుండా నిలబెట్టడమే మాకు తెలిసిన పని. నాకు అడగాలనిపించింది. వాణ్ణి అడగను కదా. మొగిలవ్వను అడిగాను.

"అవ్వా, అంత ఊపితే తెగిపోవా ఇవి?"

వాడు మొగిలవ్వకే జవాబు చెప్పాడు. "తెగవు అవ్వా. ఒక్క దిక్కు నుంచే గట్టిగ కొడితే తోలు సిరుగుతది. అందుకనే రెండు మోటార్లు. ఒకటి తోలుతది, ఇంకోటి మలుపుతది. ఇది చెట్టు గాదు, జీవి. కాని నడువదు. ఉన్నకాడనే ఉంటది. బువ్వ నీళ్ళే తేవాలె. ఊపిరి నీళ్ళే తేవాలె. అది ఇడిసిన మురికి నీళ్ళే తీస్కపోవాలె. నీళ్ళు నిలవడ్డయనుకో, దాని మురికిలనే అది సస్తది."

"మీ అన్నదమ్ములు మాట్లాడుకునుటానికి నేనేమన్న టెలిఫోనునా?" అంది మొగిలవ్వ. "దుబాయిల పదేండ్లుండి నేర్చింది గిదేనా, నీళ్ళను ఊపుడు?"

వాడు చిటికెడు మేత పొడి తీసి నీళ్ళలో వదిలాడు. "జూడు అవ్వా."

మొగిలవ్వ కంటే నేను ఎక్కువ చూశాను. పొడి తెల్లగా గీతలా సాగింది. పెద్ద బండను తాకి రెండుగా చీలింది. బండ వెనక సుడి తిరిగి ఆగినట్టే ఆగి, ఎదుటి అల రాగానే వెనక్కి మళ్ళింది. చూడడానికి నీళ్ళలో ఏమీ లేదు. కాని దారులు ఉన్నాయి. దారి వెళ్ళిన ప్రతి చోటా చేతులు మూసుకున్నాయి, దొరికింది పట్టుకున్నాయి. ఒక సందులో మాత్రం పొడి కిందికి రాలి పేరుకుంది. వాడు చూసి మోటారును వేలి మందం పక్కకు తిప్పాడు. మళ్ళీ పొడి వేశాడు. ఈసారి ఆ సందులోంచి కూడా లేచి పోయింది.

"ఒక్క మూల గూడ ఉపాసం ఉండొద్దు," అన్నాడు వాడు.

ఆ రోజు నుంచి నేను దుకాణానికి మొదటి బస్సుకే పోయేవాణ్ణి. కావలి కోసం అంత తొందర అవసరం లేదు.

ఎండలు ముదిరాయి. రోహిణి కార్తె వచ్చింది. తోలు గొడుగు ఒకనాడు వేళ్ళు లోపలికి లాక్కుంది. మరునాటికి దాని మీద మైనం పూసినట్టు పొర వచ్చింది, అక్కడక్కడ బుడిపెలు లేచాయి. వాడు చూసి, పాము కుబుసం విడిచినట్టే ఇదీ విడుస్తుంది, భయం లేదు, నీళ్ళు బాగా ఆడితే పొర దానంతటదే పోతుందని రాజలింగానికి చెప్పాడు. అదే రోజు కరెంటు ఎక్కువ తక్కువై రెండు మోటార్లలో ఒకటి కాలిపోయింది.

సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, మోటార్లకు తీగ చుట్టేవాళ్ళు చాలామంది. నా అల్లుడు అక్కడే సాంచాల మీద పని చేస్తాడు, వాళ్ళు అతనికి తెలుసు. కాలిన మోటారును గోనె సంచిలో చుట్టుకుని మా తమ్ముడు మరునాడు పొద్దున్నే సిరిసిల్ల బస్సెక్కాడు. వచ్చేటప్పుడు జగిత్యాల దుకాణంలో ఉన్న ఇన్వర్టరు తెస్తానన్నాడు. పోతూ నన్ను చూడకుండా గోడతో చెప్పాడు. "ఉన్న ఒక్క మోటారు ఆగొద్దు."

మధ్యాహ్నం నేను సద్ది తిని వచ్చేసరికి దుకాణం నిశ్శబ్దంగా ఉంది. తొట్టి మీద తడి చీర కప్పి ఉంది. నాలుగు మూలలా వేపమండలు. మొగిలవ్వ కింద కూర్చుని కళ్ళు మూసుకుంది. పక్కన రాజలింగం చెప్పులు విడిచి నిలబడ్డాడు.

"ఏందవ్వా ఇది?"

"మెల్లగ మాట్లాడు. తల్లి పోసింది." బుడిపెలను చూపించింది. "గా గొడుగుకు జూడు, ఒళ్ళంత ఎట్ల పోసిందో. గాలి తగలొద్దు, సప్పుడు గావద్దు, కదిలియ్యొద్దు. నా ఇద్దరు పోరగాండ్లకు పోసినప్పుడు నేను గిట్లనే పండవెట్టి కాపాడుకున్న."

"మోటారు ఎవరాపిండ్రు?"

"నేనే. ఒళ్ళు పుండ్లున్నోళ్ళను ఊపుతరా ఎవలన్న?"

రాజలింగం గొంతు తగ్గించాడు. "నిమ్మలంగ ఉండనియ్యి నర్సన్నా. రాజేందర్ వచ్చినంక సూసుకుందాం." ఆయన చెప్పులు చేత పట్టుకునే బయటికి పోయాడు. ఉప్పునీళ్ళ పగడానికి అమ్మవారు పోయడం ఏమిటని నవ్వవచ్చు. నేను నవ్వలేదు. ఆమె చెడు తలచి చేయలేదు. పిల్లల మీద ఎంత ప్రేమో అంతా పెట్టి చేసింది.

అప్పుడే గాలిదుమారం లేచింది. రేకులు ఎగిరాయి, బజారంతా ఎర్రటి దుమ్ము. ఎక్కడో స్తంభాలు పడ్డాయి. కరెంటు పోయింది. ఇక మోటారు పెడదామన్నా పెట్టలేం.

నేను చీర తీసి స్టూలు మీద కూర్చున్నాను. షట్టరు సందులోంచి వెలుతురు పడుతోంది. నీళ్ళు గాజులా నిలబడ్డాయి. ఆపింది నేను కాదు. దుమారం తెచ్చింది నేను కాదు. ఊరికే కూర్చుంటే చాలు. వాడి సంచీ సగం సర్దే ఉంది.

చేతులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి. మూసినవి మూసినట్టే ఉండిపోతున్నాయి. రెండు చిన్న నారింజ రంగు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గొడుగు మీది పొర బూడిద రంగుకు మారింది. బండ అంచున ఒక్క చేయి మాత్రం ఇంకా తెరుచుకుంటోంది. నీళ్ళు ఆగిపోయాయని దానికి ఎవరూ చెప్పలేదు. ఏమీ రాని నీళ్ళలోకి వేళ్ళు చాపుతోంది, మూస్తోంది, మళ్ళీ చాపుతోంది.

నేను లేచి చెంబు తీసుకున్నాను.

తొట్టిలోంచి ముంచి, చేయి ఎత్తగలిగినంత ఎత్తు నుంచి పోశాను. కల్లు పోసేవాడికి ధార తెలుసు. ఎత్తు నుంచి సన్నగా పోస్తే నురుగు పడుతుంది, గాలి కలుస్తుంది. మొగిలవ్వ ఉలిక్కిపడి లేచింది.

"ఏం జేత్తున్నవ్ నర్సన్నా? తల్లి మీద నీళ్ళు గుమ్మరిస్తవా?"

"కదలాలె అవ్వా. కదలకపోతే కుళ్ళుతది."

"ఎవలు జెప్పిండ్రు?"

చెప్పింది ఎవరో ఆమెకు తెలుసు. బట్టల పెట్టె మీది అట్టమూతతో నీళ్ళను తోసి చూశాను, అది నానింది. ఆమె వెళ్ళి తన సద్దిగిన్నె మూత కడిగి తెచ్చింది. పిడితో పట్టుకునే వెడల్పాటి స్టీలు మూత. దాన్ని నీళ్ళలో నిలువుగా దించి అటు తోశాను. ఆగాను. ఇటు మలిపాను. ఒకటి తోలుతుంది, ఇంకోటి మలుపుతుంది. చేతులన్నీ ఆ వైపు వంగాయి, ఈ వైపు వంగాయి. భుజం లాగినప్పుడు మొగిలవ్వ చెంబు అందుకుని పోసింది. ఆమె అలసినప్పుడు నేను పోశాను.

"మొక్కుతనే పోస్తున్న," అంది ఆమె. "తల్లికి కోపం రావద్దని."

"మొక్కు. కని ఆపకు."

బయట రాళ్ళవాన పడి ఆగింది. గొడుగు మీద పొర ఒక అంచున లేచింది. గుడ్డు లోపలి పొరలా పలచగా లేచి, నీళ్ళు అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు ఊగింది. ప్రతి ఊపుకూ వేలెడంత ఊడింది. కింద కొత్త తోలు. అంత శుభ్రమైన రంగు నేను చూడలేదు. ఏ రంగో చెప్పమంటే చెప్పలేను. పొర మొత్తం తెగి నా మూత మీదుగా తేలిపోయినప్పుడు మొగిలవ్వ పోయడం ఆపకుండానే ఏడ్చింది. నేను మూత పట్టుకుని నిలబడ్డాను. దేవుడి దగ్గర కూడా నేను అలా నిలబడలేదు.

పొద్దు గూకే వేళకు వాడు వచ్చాడు. ఒళ్ళంతా తడి. భుజాన గోనె సంచి, వెనక ఆటోవాడు ఇన్వర్టరు మోసుకొచ్చాడు. వాడు తొట్టిని చూశాడు. భుజాల దాకా తడిసిన నన్ను చూశాడు. నేల మీది వేపమండలు చూశాడు.

"ఎవరాపిండ్రు?"

"నేనే కొడుకా," అంది మొగిలవ్వ. "బాధల ఉన్నది గద, కదిలిస్తే సస్తదని భయమైంది. మంచికే అనుకున్న."

వాడు ఆమె వైపు చూశాడు. తరువాత గోడ వైపు కాదు, నా వైపు తిరిగాడు.

"అన్నా. ఆనాడు నేను గూడ..."

"మోటారు పెట్టు."

"ఒక్క మాట అన్నా."

"మోటారు పెట్టురా."

మూడేళ్ళలో నేను వాడితో నేరుగా అన్న మొదటి మాటలు అవి. వాడు పెట్టాడు. నీళ్ళు లేచాయి. నేను మూత తీసి మొగిలవ్వకు ఇచ్చాను.

రెండు రోజులకు గొడుగు వేళ్ళు చాపింది. మునుపటి కంటే పొడుగ్గా చాపింది. మిరుగం దాకా ఏదీ చావలేదు. రాజలింగం మాట నిలబెట్టుకున్నాడు. భాగ్య సంచీలోని బట్టలు తీసి ఉతికి తీగ మీద ఆరేసింది.

మిరుగం నాడు మా వైపు చేపలు తింటారు. "దుకాణంల రెండున్నయి గద, వండరాదు?" అని మొగిలవ్వ పొద్దుటి నుంచీ మా తమ్ముణ్ణి ఏడిపించింది. రాత్రికి భాగ్య నా ముందు కంచం పెట్టింది. మొదటి ముద్దకే నాలుక మీద ఆ చేదు పులుపు తగిలింది. నల్లటి ఎండు నిమ్మకాయ. ఈ ఊళ్ళో అది వేసే చేయి ఒకటే.

తలుపు అవతల వాడు నిలబడి ఉన్నాడు. నీడ కనిపిస్తోంది.

"బావా, ఉప్పు సరిపోయిందా?" అంది భాగ్య.

"వాణ్ణి గూడ తినుమను," అన్నాను.

వాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆమె వాడికి వడ్డించింది. వాడు మొదటి ముద్ద మింగేదాకా చూశాను. తరువాత నేను నా కంచం ఖాళీ చేశాను, ముల్లు ముల్లు ఏరి.

అది మాఫీ కాదు. పిట్టకు పెట్టిన రోజు తిన్నది తిన్నదే, అది నా కడుపులోంచి పోదు. అఖిల సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి, "బాపూ, చిన్నాయినతోని మాట్లాడినవట గద?" అని అడిగింది. ఫోన్ పెట్టేశాను. వాడు మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా నేను వినను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు ఒకసారి చెప్పాను. ఇక ఎవరు అడిగినా చెప్పను.